ఉద్దానానికి ఏ శాఖ జవాబు చెబుతుంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోతున్నారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కళకళలాడే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేనివారికీ మూత్రపిండాలు పాడైపోతున్నాయి. తొలిదశలో నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. కాళ్లు వాచి ఆసుపత్రికి వెళ్లేసరికి మూత్రపిండాలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో చెయ్యి దాటిపోయి ఉంటుంది. ఆ తరవాత వారం వారం డయాలసిస్సే బతుకు. ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. డయాలసిస్ కేంద్రాలు పెట్టాయి, పింఛన్లు ఇస్తున్నాయి, హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఇవన్నీ కావలసినవే. జబ్బు మూలం మాత్రం దొరకలేదు.

అనుమానాలకు కొదవ లేదు. బోరు నీటిలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, తోటల్లో చల్లే పురుగుమందులన్నారు. మండుటెండలో నీళ్లు సరిగా తాగకుండా చేసే కాయకష్టం అన్నారు. విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలన్నారు. వంశపారంపర్యం అన్నవారూ ఉన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో ఇలాంటి వ్యాధే కనిపించి, అక్కడా ఇవే వాదనలు నడుస్తున్నాయి. ఈ అనుమానాల్లో ఒక్కొక్కటీ ఒక్కో శాఖ తలుపు తట్టేదే. రాతి పొరల సంగతి భూగర్భ శాస్త్రానికి, నీటిది రసాయన శాస్త్రానికి, మందుల అవశేషాలది వ్యవసాయ శాస్త్రానికి, రక్తసంబంధాలది జన్యుశాస్త్రానికి తెలియాలి. ఏ కుటుంబం ఏ బావి నీళ్లు ఎన్నేళ్లు తాగింది, కూలి పోతుందన్న భయంతో ఎవరు ఏ మాత్ర వేసుకుని పనికి వెళ్లారు అన్నది ఇల్లిల్లూ తిరిగి, అరుగు మీద కూర్చుని, నమ్మకం సంపాదించి రాబట్టే సామాజిక పరిశోధకులు లేకుండా బయటికి రాదు. వీరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఉద్దానం చిక్కుముడి విడదు.

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన మాటెత్తితే చాలు, మూడే ప్రశ్నలు వినిపిస్తున్నాయి. ఉద్యోగాలొస్తాయా? పేటెంటు వస్తుందా? కంపెనీ పెట్టవచ్చా? ప్రజల డబ్బు ఖర్చవుతున్నప్పుడు అడగడంలో తప్పు లేదు. కానీ ఆ మూడింటితోనే కొలిస్తే ఉద్దానం ప్రశ్నకు సున్నా మార్కులే పడతాయి. రోగ కారణాన్ని కనిపెట్టినవారు దాన్ని ఎవరికీ అమ్ముకోలేరు. అది మన జిల్లాల రోగం, మన నేల సమస్య. బోస్టన్‌లోనో బెర్లిన్‌లోనో కూర్చున్నవారికి దానితో పని లేదు. మనం వెతకకపోతే మన తరఫున వెతికేవారు లేరన్నదే మా ఆందోళన.

ఇలాంటి చిక్కు ఒకటి ఈ నేల మీద ఇంతకుముందు విడింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, కీళ్లు వంగక నరకం పడుతున్నవారిని పరీక్షించారు. బావి నీళ్లలోని ఫ్లోరైడే ఎముకల్లో పేరుకుపోతోందని రాశారు. అంతవరకూ పేరే లేని జబ్బుకు ఫ్లోరోసిస్ అన్న పేరొచ్చింది, కారణం తెలిసింది. ఆ తరవాత నల్లగొండ. నీళ్లలోంచి ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి నల్లగొండ పేరే స్థిరపడి ప్రపంచమంతా అదే పేరుతో తెలిసింది. బిందెడు నీళ్లలో లెక్క ప్రకారం పటిక ద్రావణం, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి, నెమ్మదిగా కలిపి, గంటసేపు తేరనిస్తే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేట నీళ్లు మిగులుతాయి. కరెంటు అక్కర్లేదు, యంత్రమూ అక్కర్లేదు. రోజూ శ్రద్ధగా చేయకపోతే ఫలితం లేదన్నది దాని లోపం. అయినా కృష్ణా జలాలు కుళాయిల్లోకి రాకముందు పేదల చేతికి అందిన పద్ధతి అది.

ఆ కథలో చాలామందికి తెలియని ఘట్టం ఇంకొకటి ఉంది. 1970ల్లో ఈ ప్రాంతపు యువకుల్లో కొత్తరకం వైకల్యం కనిపించింది. మోకాళ్లు లోపలికి వంగిపోయి ఒకదానికొకటి తగిలేవి. పాత ఫ్లోరోసిస్‌లో లేని లక్షణమిది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నీళ్లతోనే ఆగలేదు. తిండిలోకి చూశారు, అది జొన్న. జొన్న పండే నేలలోకి చూశారు. నాగార్జునసాగర్ నిండాక భూగర్భ జలమట్టం పెరిగి, నేల గుణం మారి, పంటలోకి మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా చేరుతోందా, దానివల్ల ఒంట్లో రాగి తగ్గుతోందా అని తరచి చూశారు. ఆనకట్ట నుంచి మోకాలి చిప్ప దాకా ఒకే గొలుసుగా చూడగలిగిన చూపు అది. ఆ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద చిన్న విచారణగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. వైద్యులు, రసాయనవేత్తలు, గణాంక నిపుణులు, పల్లెలు తిరిగే సర్వే సిబ్బంది ఒకే ప్రాంగణంలో పనిచేయబట్టే ఆ చూపు సాధ్యమైంది.

ఇవి అవసరం తరిమితే జరిగిన పరిశోధనలు. ఏ అవసరమూ కనిపించకుండా, కేవలం తెలుసుకోవాలన్న తపనతో చేసినవీ సమాజానికి అక్కరకొచ్చాయి. జన్యుశాస్త్రవేత్త లాల్జీ సింగ్ బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి ఎంచుకున్న విషయం పాముల క్రోమోజోములు. ఆడపాముకూ మగపాముకూ జన్యువుల్లో తేడా ఎక్కడుందో ఆయనకు కావాలి. పాములో ఆడదేదో మగదేదో తేలితే దేశానికి ఒరిగేదేమిటని నాడే ఎవరైనా నిధులు ఆపి ఉంటే మనకెవరికీ తెలిసేది కాదు, బాధా కలిగేది కాదు. ఎడిన్‌బరోలో పనిచేస్తున్నప్పుడు పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము జాతిలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక డీఎన్‌ఏ వరుసను ఆయన బృందం వేరుచేసింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి వచ్చాక, 1988 నాటికి, అదే వరుస మనిషికీ మనిషికీ తేడా పట్టించే సాధనమైంది. తండ్రి ఎవరో తేల్చుకోలేని కేసులో కేరళ కోర్టు ముందుకు వెళ్లింది. రాజీవ్ గాంధీ హత్య కేసులో, 1995 నాటి తందూర్ హత్య కేసులో గుర్తుపట్టలేని శరీరాలకు పేర్లు తెచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఆ పరంపరలో పుట్టిందే. దేశంలో డీఎన్‌ఏ సాక్ష్యానికి కోర్టు గుమ్మం తెరుచుకోవడంలో కొంత వాటా ఆ పాముది.

అన్నం సంగతీ అంతే. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి, రుచికి రుచి, ధరకు ధర. ఎండాకు తెగులు వస్తే మాత్రం తట్టుకోలేదు. ఆ తెగులును ఎదిరించే జన్యువుల్లో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దొరికింది. గింజ తినడానికి పనికిరాని ఆ గడ్డిజాతిని సేకరించి దాచినవారికి మన గోదావరి, కృష్ణా డెల్టాల పేర్లయినా తెలుసో లేదో. ఫిలిప్పీన్స్‌లో దాన్ని సాగు వరిలోకి తెచ్చారు. సీసీఎంబీ, నాటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి దాన్ని మరో రెండు జన్యువులతో పాటు సాంబ మసూరిలోకి సంకరంతోనే ఎక్కించి, 2008లో మెరుగుపరిచిన రకాన్ని రైతుకిచ్చాయి.

ప్రయోగశాల లేని పరిశోధనకు విలువ కట్టేటప్పుడే మన పాలకుల చెయ్యి మరీ బిగుసుకుపోతుంది. చరిత్ర, భాష, సామాజిక శాస్త్రాలు చదివితే ఏమొస్తుందని అడిగేవారు ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయికి వెళ్లి చూడాలి. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీం పోరాటం రక్తపాతంతో ముగిశాక, గోండులకు ఇంత ఆగ్రహం ఎందుకొచ్చిందో చెప్పమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను అడిగింది. యుద్ధం వల్ల ఆయన అప్పటికే హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లలేని స్థితిలో ఉన్నారు. ఆయన మార్లవాయిలోనే మకాం పెట్టి, గోండి నేర్చుకుని, వారి పెద్ద దేవుడు పెర్సాపేన్ పూజలు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు (వంశాల కూటములు), ఎవరికి ఎవరు వరసవుతారన్నది రాసుకున్నారు. పైకి చూస్తే పుస్తకాలకే పనికొచ్చే వివరాలివి. కానీ ఏ ఊరు ఎవరిది, ఏ పోడు ఏ వంశం చేతిలోంచి జారి ఏ షావుకారు పేరిట పట్టా అయింది, అడవి సరిహద్దు రాళ్లు ఎవరి ఇంటి ముందు పడ్డాయి అన్న సంగతులు ఆ వివరాల వెంటే బయటపడ్డాయి. ఆ నివేదికల వల్ల వేలాది గిరిజన కుటుంబాలకు భూమి పట్టాలొచ్చాయి. గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం మార్లవాయిలో మొదలైంది. గిరిజన ప్రాంతాల రక్షణకు నిబంధనలొచ్చాయి. అదే కాలంలో ఆయన ఉస్మానియాలో మానవ శాస్త్రం బోధించారు. మార్లవాయిలో ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఉంది. ఏటా జనవరిలో ఊరు ఆ దంపతులను తలుచుకుంటుంది.

2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఊరూరా పండుగ చేసుకున్నాం. ఎండలో బండల మీద కాగితం పరిచి అక్షరాల అచ్చు తీసిన శాసన పరిశోధకులు లేకపోతే, కడప జిల్లా కలమళ్లలో ఆరో శతాబ్దపు తెలుగు శాసనం ఉందని మనకు తెలిసేదే కాదు.

ఈ వారసత్వాన్ని రెండు రాష్ట్రాల్లో ఎలా చూసుకుంటున్నాం? ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర వంటి పేరున్న విశ్వవిద్యాలయాల్లో బోధన పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులతో తరగతులు నెట్టుకొస్తున్నారు. దీనివల్ల పాఠాలకు కలిగే నష్టం కళ్లకు కనిపిస్తుంది, పరిశోధనకు కలిగేది కనిపించదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గైడుగా ఉండాల్సింది రెగ్యులర్ అధ్యాపకులే. ఒక ప్రొఫెసర్ గరిష్ఠంగా ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మార్గదర్శనం చేయవచ్చు. పదవీ విరమణకు మూడేళ్లలోపే ఉంటే కొత్తవారిని తీసుకోకూడదు. అంటే ఒక ఆచార్యుడు రిటైరై ఆ కుర్చీ నిండకపోతే, ఎనిమిది పరిశోధనలు మొదలే కావు. చిన్న శాఖల్లో ఇద్దరు ముగ్గురు రిటైరైతే శాఖే మూతపడినట్టు. శాసనాలు చదవగలవారు, గోండి, కోయ భాషలు తెలిసినవారు, మొక్కను చూసి జాతి చెప్పగలవారు అలా ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. వారి దగ్గర నేర్చుకునే శిష్యుడు లేకపోతే ఆ విద్యను తరవాత ఎంత డబ్బు పోసినా తిరిగి తేలేం.

డబ్బు సంగతి సరేసరి. 2020-21లో దేశం పరిశోధనపై పెట్టిన ఖర్చు జాతీయోత్పత్తిలో 0.64 శాతం. చైనా రెండు శాతం పైన, దక్షిణ కొరియా నాలుగు శాతం పైన పెడుతున్నాయి. 2023లో చట్టం చేసి తెచ్చిన జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో రూ.50 వేల కోట్లు అన్నారు, అందులో సింహభాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలన్నారు. 2025లో ప్రైవేటు రంగ పరిశోధనకు రూ.లక్ష కోట్ల పథకాన్ని ఆమోదించారు. అప్పుగానో పెట్టుబడిగానో ఇచ్చే సొమ్ము లాభం కనిపించే చోటికే పోతుంది, అది సహజం. ఉద్దానంలో ఎవరికీ లాభం కనిపించదు. అక్కడికి వెళ్లాల్సింది ప్రజల ఖజానాలోని సొమ్మే. ఇక నెట్ (జాతీయ అర్హత పరీక్ష) అర్హత లేకుండా పీహెచ్‌డీ చేస్తున్నవారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే నెలకు రూ.8 వేలు 2012 నుంచి అక్కడే ఆగిపోయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. దినకూలీ కన్నా తక్కువకు అయిదేళ్లు పనిచేయమంటే ఇంటి ఆసరా ఉన్నవారే మిగులుతారు. ఉద్దానం రైతుకూలీ బిడ్డ, మార్లవాయి గోండు బిడ్డ తమ ఊరి ప్రశ్నను తామే పరిశోధించే దారి అక్కడే మూసుకుపోతోంది.

పరిశోధన పేరిట జరుగుతున్న మోసాన్ని మేం చూడనట్టు ఊరుకోలేం. డబ్బిస్తే వారంలో వ్యాసం అచ్చేసే జర్నళ్లు, అంగట్లో దొరికే సిద్ధాంత వ్యాసాలు, పాత థీసిస్‌కు ఊరి పేరు మార్చి సమర్పించేవారు ఉన్నారు. పదోన్నతికి ఎన్ని వ్యాసాలు, ఎన్ని పాయింట్లు అని లెక్కపెట్టడం మొదలయ్యాకే ఈ అంగడి పెరిగింది. దీన్ని చూపి అసలు పరిశోధనకే నిధులు కోయడం, కల్తీ విత్తనాలు దొరికాయని సాగే మానేయమనడం లాంటిది. థీసిస్‌పై జరిగే మౌఖిక పరీక్షను (వైవా) బహిరంగంగా జరిపి, థీసిస్‌ను నలుగురికీ అందుబాటులో ఉంచి, పట్టుబడినవారి డిగ్రీతో పాటు గైడు బాధ్యతనూ రద్దు చేస్తే చాలావరకు ఆగుతుంది.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ రాబోయే విద్యా సంవత్సరంలోపే విశ్వవిద్యాలయాల రెగ్యులర్ పోస్టుల భర్తీని పూర్తి చేయాలి. ఒకరు ఇద్దరే మిగిలిన శాఖలతో మొదలుపెట్టాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోని ప్రతి పూర్తికాల స్కాలర్‌కూ ఇల్లు గడిచేంత ఫెలోషిప్ నెలనెలా అందాలి. పలాస కేంద్రంలో మూత్రపిండాల వైద్యుల పక్కన భూగర్భ, నేల, గణాంక, సామాజిక శాస్త్రవేత్తలకు శాశ్వత పోస్టులుండాలి, పదేళ్లకు తగ్గని నిధుల హామీ ఉండాలి. ఇప్పటిదాకా జరిగిన సర్వేల నీటి, రక్త పరీక్షల ఫలితాలను రోగుల వివరాలు తీసేసి ఏ పరిశోధకుడైనా చూసేలా బయటపెట్టాలి. ప్రజల సొమ్ముతో వచ్చే ప్రతి సిద్ధాంత వ్యాసానికీ రెండు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. కవిటిలో రక్తనమూనా ఇచ్చిన మనిషికి తన రక్తంలో ఏం దొరికిందో తన భాషలో చదువుకునే హక్కుంది.