సవరణ: డిగ్రీ ఉన్నా నర్సింగ్ ఏడాదిలో అయిపోదు

ఏ డిగ్రీ ఉన్నా ఏడాదిలో నర్సు అయిపోవచ్చని, ఉద్యోగం చేస్తూనే చదవొచ్చని మొన్న రాశాను. రెండూ తప్పే, క్షమించండి. డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన త్వరిత కోర్సుకు అమెరికాలో సాధారణంగా 11 నుంచి 18 నెలలు, బ్రిటన్‌లో దాదాపు 2 ఏళ్లు పడుతుంది. 11 నెలల కోర్సే దొరికినా, అమెరికాలో అయితే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ లాంటివి ముందే పాసై ఉండాలి, కామర్స్ చదివి పదేళ్లు బ్యాంకులో చేసినవాళ్లకు వాటికే ఇంకో ఏడాది పట్టొచ్చు. ఇక ఉద్యోగం సంగతి: తెల్లవారకముందే వార్డులో డ్యూటీ, మధ్యాహ్నం క్లాసు, రాత్రి కూర్చుని మందుల మోతాదు లెక్కలు, ఇందులో ఇంకో పనికి టైమెక్కడ? జీతం వదులుకోలేని వాళ్లకు నిదానంగా సాగే కోర్సే మేలని నా అభిప్రాయం. ఫీజు కట్టేముందు మాత్రం ఆ కోర్సుకు అక్కడి నర్సింగ్ కౌన్సిల్ లేదా నర్సింగ్ బోర్డు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.