ముఖ్య అతిథి లేని సభ

మన తెలుగు సంఘం సభ ఎలా నడుస్తుందో ఈ పత్రిక చదివేవారికి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, జ్ఞాపికలు, దాతల పేర్లు రెండుసార్లు చదవడం. పిల్లల నృత్యం మొదలయ్యేసరికి సగం మంది పులిహోర వరసలో ఉంటారు. కార్డిఫ్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో జరిగే ఈ సభల కోసం, వేల్స్ నడిబొడ్డున చిన్న ఊళ్లలో ఉద్యోగాలు చేసుకునే మాలాంటివాళ్లం గంటల తరబడి కారు నడుపుకుంటూ వెళ్తాం. వెళ్లొద్దనను. కానీ సంఘం అంటే ఏమిటో తెలిసే చోటు మేముండే ఊళ్లోనే ఒకటుంది. ఊరి పారిష్ చర్చి. మనలో చాలామంది దాని గేటు కూడా దాటి ఉండరు.

క్రిస్మస్ రోజుల నుంచి జనవరి దాకా మధ్య వేల్స్‌లోని మాంట్‌గోమరీషైర్ పల్లెల్లో ‘ప్లగైన్’ అనే క్రిస్మస్ పాటల కూడిక జరుగుతుంది. ఒకప్పుడు క్రిస్మస్ నాడు తెల్లవారకముందే కొవ్వొత్తుల వెలుగులో పాడేవారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల రాత్రిపూట పెట్టుకుంటున్నారు. వికార్, అంటే చర్చి పాదిరి, చిన్న ప్రార్థన చేసి, ప్లగైన్ మొదలైందని చెప్పి కూర్చుంటారు. ఆ తర్వాత మైకు పట్టుకుని పేర్లు పిలిచేవారు ఎవరూ ఉండరు. కాసేపు ఎవరూ కదలరు. ఇంతలో వెనక వరసలోంచి ముగ్గురు లేస్తారు. తండ్రీ కొడుకూ, పక్క పొలం ఆయనా కావచ్చు. ముందుకు నడిచి, భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడతారు. ఒకరు ట్యూనింగ్ ఫోర్క్ తట్టి చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి అందిస్తారు. వాద్యాలేవీ ఉండవు. చరణం మీద చరణం, అంతా వెల్ష్ భాషలోనే. శిశువు పుట్టుకతో మొదలైన పాట సిలువ దాకా, పునరుత్థానం దాకా సాగిపోతుంది. పాట అయిపోతే ఎవరూ చప్పట్లు కొట్టరు. వాళ్లు వెళ్లి కూర్చుంటారు, మరో జట్టు లేస్తుంది. ఒకరు పాడిన పాటను ఆ రాత్రి ఇంకొకరు పాడకూడదు కాబట్టి, ప్రతి జట్టూ నాలుగు పాటలు ఎక్కువే నేర్చుకుని వస్తుంది. అందరి వంతూ అయ్యాక అదే క్రమంలో రెండో విడత. చివర పాడడానికి వచ్చిన మగవాళ్లంతా కలిసి ముగింపు పాట పాడతారు. తర్వాత అందరికీ భోజనం.

ఈ పాటలు చాలా ఇళ్లలో చేతిరాత పుస్తకాల్లో తరం నుంచి తరానికి వచ్చాయి. 1588లో బైబిల్‌ను మొత్తంగా వెల్ష్‌లోకి తెచ్చిన విలియం మోర్గాన్ కూడా ఈ పరిసరాల్లోనే, లాన్‌రైయాడర్‌లో వికార్‌గా ఉన్నారు. శనివారం తెలుగు తరగతులకు పిల్లలు రావడం లేదని మనం వాపోతుంటాం. అక్కడ పిల్లవాడు తన తాతా తండ్రీ ఆ భాషలో పదిమంది ముందు నిలబడి పాడటం చూస్తూ పెరుగుతాడు. మన పిల్లలు మనల్ని తెలుగులో ఏం చేస్తుండగా చూస్తున్నారు? ఫోనులో మాట్లాడటం, టీవీ చూడటం.

ప్లగైన్ ఏడాదికోసారి. మిగతా రోజుల మాటకొస్తే, సెవర్న్ నది మీద మొదటి పట్టణమైన లానిడ్లోయిస్ చూడండి. అక్కడి సెయింట్ ఇడ్లోయిస్ చర్చిలో ఒక రాతి కమానుల వరస ఉంది. ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాక కుంహిర్ మఠం నుంచి తరలించి నిలబెట్టినది. పైకప్పు దూలాలకు చెక్క దేవదూతలు. ఇంతటి కట్టడాన్ని ఏ దేవాదాయ శాఖో చూసుకుంటుందనుకుంటాం. అలాంటిదేమీ లేదు. వేల్స్‌లో ఎక్కువమంది వేరే ప్రొటెస్టంట్ శాఖల చాపెళ్లకు వెళ్తూ కూడా, అప్పటి ప్రభుత్వ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చికి దశమభాగం కట్టాల్సి రావడంతో పెద్ద పోరాటమే నడిచింది. 1914లో చట్టమైంది, యుద్ధం వల్ల ఆగి 1920లో అమలైంది. చర్చి ప్రభుత్వం నుంచి విడిపోయింది, పాత ఆస్తుల్లో చాలాభాగం కౌంటీ కౌన్సిళ్లకూ విశ్వవిద్యాలయానికీ పోయింది. మాన్యాలు పోయిన గుడి అన్నమాట. అప్పటి నుంచీ పలకరాయి పైకప్పు కారితే ఊరివాళ్లే చూసుకోవాలి.

అందుకే ఇలాంటి చర్చి ముఖద్వారంలో గోడకు ఒక కాగితం గుచ్చి ఉంటుంది. ఈ ఆదివారం పాఠం చదివేది ఎవరు, పూలు ఎవరివి, టీ ఎవరు కాస్తారు, సమాధుల మధ్య గడ్డి ఎవరు కోస్తారు. వికార్ ఒక్కరే చాలా చర్చిలు చూసుకోవాలి కనుక, తాళం తీసేదీ వేసేదీ ఊరివాళ్లలోంచే ఉండే వార్డెన్లే. ఇదంతా పచ్చగా ఉందని నేననడం లేదు. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో 46.5 శాతం మంది తమకు ఏ మతమూ లేదన్నారు. కాగితం మీద తిరిగి తిరిగి కనబడేవి అవే పేర్లు, అందరూ తల నెరిసినవాళ్లే. అక్కడ పదవికి మనిషి దొరకడు. మన సంఘాల్లో మనిషికి పదవి దొరకదు.

మనవాళ్లు వెంటనే అడిగేది, అది వాళ్ల మతం కదా, మనకెందుకని. పారిష్ అంటే ఆ హద్దుల్లో నివసించే జనమంతా. 1920 తర్వాత కూడా ఆ హద్దుల్లో ఉండేవారికి, ఆదివారాలు వచ్చినా రాకపోయినా, ఆ చర్చిలో పెళ్లి చేసుకునే హక్కు నిలిచే ఉంది. నేను హిందువును, ప్రభు భోజనం తీసుకోను, తీసుకోమని ఎవరూ అనరు. టీ కాయడానికి బాప్తిస్మం అక్కర్లేదు. ఇక మనలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబాలవారికైతే ఇది పరాయి ఇల్లే కాదు. దోర్నకల్ ఆంగ్లికన్ డయాసిస్ (బిషప్ పరిధిలోని చర్చిల సముదాయం) 1947లో సీఎస్ఐలో కలిసింది. ఆ ఆరాధన క్రమం, ఆ కోత పండుగ, బల్ల మీద పేర్చిన గుమ్మడికాయలు, అన్నీ వాళ్లకు తెలిసినవే.

కార్యవర్గానికి నా ప్రతిపాదన రెండు ముక్కలు. చిన్న ఊళ్లలో ఉన్న సభ్యులు తమ ఊరి చర్చి కాగితం మీద నెలకో వంతు తీసుకోవాలి. వచ్చే సంక్రాంతికి మన సభలో వేదిక, మైకు, ముఖ్య అతిథి తీసేసి, వచ్చిన ప్రతి కుటుంబం తన వంతుగా ఒక పాటో పద్యమో వినిపించాలి. ఒకరిది ఇంకొకరు చెప్పకూడదు. శాలువాలకు కేటాయించిన డబ్బు హాలు వేడికి వాడుకోవచ్చు. అభ్యంతరాలుంటే తర్వాతి సంచికకు రాయండి, తెలుగులోనే.