సవరణ: టికింటర్‌కి పిప్ పనిచేయదు

మొన్న ఆదివారం పైథాన్‌లో విండోలు, బటన్లు చేయడం మొదలుపెట్టేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో, అందుకు వాడే టికింటర్ లైబ్రరీని పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) ఇన్‌స్టాల్ చేసుకుని, తర్వాత పిప్‌తోనే అప్‌డేట్ చేస్తూ ఉండమన్నాను. అది తప్పు. పైక్యూటీ (ఇలాంటిదే, కానీ పిప్‌తో వచ్చే లైబ్రరీ) వాడే అలవాటులో రాసేశాను, ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. ఉబుంటు లినక్స్‌లో ప్రయత్నించిన ఒకతను ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపాకే పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచాను.

టికింటర్ పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్‌తో పాటే వస్తుంది, టీసీఎల్/టీకే (టికింటర్ లోపల నడిచేది ఇదే) పక్కనున్న టిక్కు తీసేయకపోతే చాలు. ఉబుంటు, డెబియన్‌లలో మాత్రం విడి ప్యాకేజీ, కాబట్టి టెర్మినల్‌లో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-టీకే' అని ఇవ్వాలి (కమాండ్లు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి). దీనికి వేరే అప్‌డేట్ అంటూ ఉండదు, కొత్తది కావాలంటే పైథాన్‌నే కొత్త వెర్షన్‌కి మార్చుకోవడమే.

వచ్చిందో లేదో చూడాలంటే 'పైథాన్3 -ఎం టికింటర్' కొట్టండి, విండోస్‌లో అయితే ఆ 3 అక్కర్లేదు. చిన్న విండో తెరుచుకుని టీకే వెర్షన్ చూపిస్తుంది, నాకు 8.6 వచ్చింది. అందులో 'క్లిక్ మీ' బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ పేరు చుట్టూ ఇంకో జత బ్రాకెట్లు చేరతాయి, నేనైతే పదిసార్లు నొక్కాను. పాత పోస్టులో ఆ రెండు లైన్లూ తీసేశాను, మిగతా కోడ్ అలాగే వాడుకోవచ్చు.