ఆ జాబితాలో మనిషి లేడు

ఆదికాండం మొదటి అధ్యాయం 26వ వచనం ఒకసారి తీసి నెమ్మదిగా చదవండి. నరుల్ని తన స్వరూపంలో, తన పోలిక చొప్పున చేయాలనుకున్న దేవుడు, వాళ్లు వేటిని ఏలాలో కూడా అక్కడే వరసగా చెబుతాడు. సముద్రపు చేపలు, ఆకాశ పక్షులు, పశువులు, సమస్త భూమి, భూమి మీద పాకే ప్రతి జంతువూ. పురుగూ పుట్రా కూడా వచ్చేశాయి. మనిషి మాత్రం రాలేదు. రెండు వచనాల తర్వాత అదే జాబితాను కాస్త కుదించి మళ్లీ చెప్పినప్పుడూ రాలేదు.

ఈ అధ్యాయం నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆరు రోజులంటే నిజంగా ఆరు రోజులేనా, డైనోసార్లు ఎక్కడికి పోయాయి, పరిణామ సిద్ధాంతం సంగతేంటి అన్న వాదనలు లెక్కలేనన్ని విన్నాను. కొన్నిట్లో నేనూ గొంతు చించుకున్నాను. ఇప్పుడు వాటి మీద అంత ఆసక్తి లేదు. ఈ కథలో అసలు పట్టించుకోవాల్సింది ఎవరు ఎవర్ని ఏలాలి అన్న సంగతి అని నా అభిప్రాయం. "దేవుని ఏలుబడి" అనగానే మనలో చాలామందికి ఒక మెట్ల వరస కళ్ల ముందు మెదులుతుంది. పైన దేవుడు, ఆయన కింద రాజో పాస్టరో, ఆ కింద భర్త, ఆ తర్వాత భార్య, అట్టడుగున పనివాళ్లు. ఈ అధ్యాయంలో ఆ మెట్లు లేవు. దేవుడు పైనున్నాడు, మనుషులంతా ఒకే నేల మీదున్నారు.

ఆ కాలానికి ఇది ఎంత విడ్డూరమో తెలియాలంటే ఇరుగుపొరుగు కథలు చూడాలి. బాబిలోనియా వాళ్ల ఎనూమా ఎలిష్‌లో ఓడిపోయిన కింగు అనే దేవుణ్ణి చంపి, ఆ రక్తంతో మనుషుల్ని చేస్తారు. దేవతల చాకిరీ మనుషుల నెత్తిన వేస్తే దేవతలకు విశ్రాంతి దొరుకుతుందని. అత్రహాసిస్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. కాలవలు తవ్వి తవ్వి విసిగిన చిన్న దేవతలు పనిముట్లు తగలబెట్టి సమ్మెకు దిగుతారు. ఆ పని చేసిపెట్టడానికి మట్టితో, ఒక దేవుడి రక్తంతో మనిషిని తయారుచేస్తారు. దేవుడి ప్రతిరూపం అనే గౌరవం ఆ ప్రాంతాల్లో రాజుగారికి దక్కేది, కూలివాడికి కాదు.

1979లో సిరియాలోని తెల్ ఫెఖెరియేలో ఒక నల్లరాతి విగ్రహం బయటపడింది. దాదాపు నిలువెత్తు మనిషి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. క్రీ.పూ. 9వ శతాబ్దంలో గుజానాను ఏలిన హదద్-యిథి అతను. ఒంటి మీది వస్త్రంపై రెండు భాషల్లో శాసనం చెక్కించుకున్నాడు. అస్సీరియా చక్రవర్తుల భాషలో తాను గవర్నరునని, సొంత అరామిక్ భాషలో రాజునని రాయించుకున్నాడు. పైవాళ్లకు ఒక రెజ్యూమె, కిందివాళ్లకు ఇంకొకటి! అది అలా ఉంచితే, ఆ అరామిక్ పాఠంలో విగ్రహానికి వాడిన రెండు మాటలూ, ఆదికాండంలో మనం "పోలిక", "స్వరూపం" అని చదువుకునే దెముత్, సెలెమ్ అనే హీబ్రూ మాటలకు తోబుట్టువులు. అక్కడ ఆ మాటలు ఒక ఏలిక రాతి బొమ్మ మీదున్నాయి. ఇక్కడ ఆడా మగా అందరి మీదా ఉన్నాయి.

ఈ తీగ పట్టుకుని వెళ్లడం తెలుగు బైబిల్లో తేలిక, ఎందుకంటే చాలాచోట్ల "ఏలు" అనే మాటే ఎదురవుతుంది. మనిషిని మనిషి ఏలడం గురించి మొదటిసారి వినిపించేది మూడో అధ్యాయం 16వ వచనంలో, దేవుడు హవ్వతో ఆమె భర్త గురించి "అతడు నిన్ను ఏలును" అన్నప్పుడు. హీబ్రూలో ఇది చేపల్నీ పక్షుల్నీ ఏలమన్న మాట కూడా కాదు, వేరే మాట. ఈ వచనాన్ని భార్యలకు ఆజ్ఞగా వినిపించేవాళ్లు కొల్లలు. అది ఎక్కడుందో చూడండి. పండు తిన్నాక, చెట్ల చాటున దాక్కున్నాక, తప్పు ఒకరి మీదికి ఒకరు నెట్టేశాక, ప్రసవ వేదన, ముళ్ల తుప్పల సరసన ఉంది. ముళ్ల తుప్పలు పీకేస్తాం. కాన్పు నొప్పికి ఇంజెక్షన్ ఇప్పిస్తాం. దేవుణ్ణి ధిక్కరించావని ఇప్పుడు ఎవరూ అనరు. ఏలడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది దేవుడి ఏర్పాటట!

జంతువుల మీది ఏలుబడికైనా హద్దుంది. మొదటి అధ్యాయం 29వ వచనంలో మనిషికి ఆహారంగా ఇచ్చినవి ధాన్యమూ పండ్లూ. ఏలమన్న చేపల్ని తినమనలేదు. మాంసానికి అనుమతి జలప్రళయం తర్వాత, తొమ్మిదో అధ్యాయంలో గానీ రాదు. రెండో అధ్యాయంలో నరుణ్ణి తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచడానికి, కాయడానికి. ఆ సేద్యపరచడం అన్న హీబ్రూ క్రియకే సేవ చేయడం అనీ అర్థం. మన తెలుగులోనూ "నన్నేలుకో" అని దేవుణ్ణి వేడుకునేవాడు తనను అణగదొక్కమని అడగడు కదా. అయితే 28వ వచనంలో భూమి గురించి చెప్పిన "లోపరచుకొనుడి" అన్నది మెత్తని మాటేం కాదని ఒప్పుకోవాలి. పర్యావరణ సంక్షోభానికి వేళ్లు ఈ రకం ఆలోచనలో ఉన్నాయని 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు సైన్స్ పత్రికలో రాస్తే, ఆ మాట ఊరికే పోలేదు.

రాజుల తరఫున ఈ కథను వాడుకున్నవాళ్లూ ఉన్నారు. ఆదాముకు దేవుడిచ్చిన అధికారమే రాజులకు వారసత్వంగా వచ్చిందని రాబర్ట్ ఫిల్మర్ ఇంగ్లాండులో రాశాడు. అతను పోయాక 1680లో ఆ పుస్తకం అచ్చయింది. తత్వవేత్త జాన్ లాక్ దానికి జవాబు రాస్తూ ఈ జాబితాను పట్టుకున్నాడు. ఇచ్చింది ఒక్కడికి కాదు, "వారికి". ఇచ్చింది జంతువుల మీద, మనుషుల మీద కాదు.

రాజు కావాలని జనం గోల చేసినప్పుడు సమూయేలు ప్రవక్త ఏం చెప్పాడో మొదటి సమూయేలు ఎనిమిదో అధ్యాయంలో ఉంది. మీ కొడుకుల్ని రథాలకు తీసుకుంటాడు, కూతుళ్లను వంటకు తీసుకుంటాడు, పొలాలు తీసుకుంటాడు, పంటలో పదో వంతు తీసుకుంటాడు, చివరికి మీరే అతని దాసులవుతారు అని. వాళ్లు తోసేసింది నిన్ను కాదు, తమను ఏలకుండా నన్ను తోసేశారు అంటాడు దేవుడు. పై అధికారులకు లోబడమని రోమా పత్రిక 13వ అధ్యాయం చెబుతోంది కదా అని మీరు అడగొచ్చు. చెబుతోంది, నేనేం దాచడం లేదు. కానీ ఆ ఒక్క అధ్యాయం కంఠతా వచ్చినవాళ్లకు ఈ ఎనిమిదో అధ్యాయం ఉందనే గుర్తుండదు.

ఒక ప్రార్థన కూడికలో కానుకల లెక్కలు చూపించమని ఎవరో అడిగితే, "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అని జవాబొచ్చింది. అంటే దేవుడు ఎన్నుకున్న పాస్టరుగారిని ప్రశ్నించొద్దని. అడిగినాయన తల దించుకుని కూర్చున్నాడు. నేనూ నోరెత్తలేదు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చి ఆ మాట ఉన్న 105వ కీర్తన తీశాను. అభిషిక్తులంటే అక్కడ ఊరూరా తిరిగే, గుప్పెడుమంది పరదేశులు. వాళ్లను ముట్టొద్దని దేవుడు గద్దించింది రాజుల్ని.

1807లో లండన్‌లో కరీబియన్ దీవుల్లోని బ్రిటిష్ తోటల బానిసల కోసమని ఒక కత్తిరించిన బైబిలు అచ్చేశారు. బానిసల వ్యాపారాన్ని బ్రిటిష్ పార్లమెంటు నిషేధించిన సంవత్సరమే అది. బానిసత్వాన్ని మాత్రం అప్పటికి ముట్టుకోలేదు. ఆ పుస్తకంలో పాత నిబంధన సుమారు 90 శాతం ఎగిరిపోయింది. సృష్టి కథ ఉంచారు. అన్నదమ్ములు యోసేపును అమ్మేసిన కథ ఉంచారు. మోషే జనాన్ని ఐగుప్తు దాటించిన కథ తీసేశారు.

దానితోపాటు పోయిన వాటిలో నిర్గమకాండం మొదటి అధ్యాయం ఒకటి. అందులో హీబ్రూ జనం ఫలించి, విస్తరించి, దేశాన్ని నింపేస్తారు. సృష్టి రోజున ఇచ్చిన దీవెన మాటలే ఇవి. ఐగుప్తు రాజు ఫరోకు టెన్షన్ మొదలవుతుంది. మగబిడ్డ పుడితే చంపేయమని షిఫ్రా, పూయా అనే మంత్రసానులకు ఆజ్ఞ ఇస్తాడు. వాళ్లు దేవునికి భయపడి ఆ పని చేయరు. ఫరో పిలిపించి నిలదీస్తే, ఏం చేయమంటారు, హీబ్రూ ఆడవాళ్లు చురుకైనవాళ్లు, మేం వెళ్లేలోపే కనేస్తున్నారు అంటారు. ఆ ఇద్దరి పేర్లూ రాసిపెట్టిన పుస్తకం, ఆ ఫరో పేరు ఎక్కడా రాయలేదు.