లాహోర్‌లో, హైదరాబాద్‌లో అదే రిజిస్టర్

పాకిస్తాన్‌లో ఖ్వాజాసిరాల, అంటే అక్కడి హిజ్రాల, హక్కుల గొడవ ఎప్పుడు వార్తల్లోకొచ్చినా మన దగ్గర వినిపించేది ఒకటే మాట: ‘వాళ్ల మతం ఒప్పుకోదు, అంతే.’ అంత తేలిగ్గా తేల్చేసే విషయం కాదిది.

అసలు ఆ పోరాటం సుప్రీంకోర్టు మెట్లెక్కిందే ఒక ఇస్లామిక్ న్యాయ పండితుడి పిటిషన్‌తో. 2009లో తక్షశిల దగ్గర పోలీసులు ఖ్వాజాసిరాల మీద చేసిన దౌర్జన్యం తర్వాత అస్లం ఖాకీ ఆ పిటిషన్ వేశారు. పాకిస్తాన్ 2018లో తెచ్చిన ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం ఇంకా ముందుకెళ్లింది. మనిషి తాను ఎవరని చెప్పుకుంటే గుర్తింపు కార్డులో అదే రాయాలంది. 2023 మే 19న, చట్టాలు ఇస్లాంకు తగ్గట్టున్నాయో లేదో చూసే ఫెడరల్ షరియత్ కోర్టు అందులోని కీలక సెక్షన్లు చెల్లవంది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

చట్టాన్ని వ్యతిరేకించినవాళ్ల వాదన కూడా చెప్పుకోవాలి. ఎవరికి వాళ్లు ‘నేను ఆడ’, ‘నేను మగ’ అని రాయించుకుంటే వారసత్వ వాటాలు తారుమారవుతాయని, స్వలింగ వివాహానికి దొడ్డిదారి దొరుకుతుందని వాళ్ల భయం. షరియత్‌లో కొడుకు వాటా, కూతురి వాటా వేరు కాబట్టి మొదటిది ఉత్త సాకని కొట్టిపారేయలేం. కానీ దానికి అప్పటి జమాతే ఇస్లామీ పార్టీ సెనేటర్ ముష్తాక్ అహ్మద్ ఖాన్ చూపిన మందేమిటి? మెడికల్ బోర్డు. డాక్టర్లు ఒళ్లు పరీక్షించి తేల్చాలట!

ఇదెక్కడో విన్నట్టు లేదూ? 1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం రెండో భాగం తీసి చూడండి. పంజాబ్‌కూ వర్తించిన చట్టమది. అనుమానం వస్తే చాలు, హిజ్రాల పేరు, ఊరు, ఆస్తి రిజిస్టర్‌కెక్కాలి. పేరెక్కినవాళ్లు చీరో నగో వేసుకుని బజార్లో కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు. దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు. ‘నువ్వెవరో నువ్వు చెప్తే కాదు, మేం చూసి రాసుకుంటాం’ అన్న బుద్ధి మొఘల్ దర్బారుది కాదు, విక్టోరియా రాణి గుమాస్తాలది. షరియత్‌ని కాపాడుతున్నామనుకుంటున్న పెద్దలు మోస్తున్నది ఆ గుమాస్తాల ఫైలునే.

ఖ్వాజాసిరాలు కలిసి బతికే ఇళ్ల, అంటే డేరాల, మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్తలు చెప్పేది ఇంకోలా ఉంటుంది. తమ రూహ్, అంటే ఆత్మే, ఆడదని ఖ్వాజాసిరాలు అంటారు. బయటివాళ్లు గుచ్చిగుచ్చి అడిగితే మాత్రం ‘దేవుడిలా పుట్టించాడు’ అని ఊరుకుంటారు. పాకిస్తాన్‌లో పరిశోధన చేసిన ఫారిస్ ఖాన్ ఈ సగం చెప్పి సగం దాచడాన్ని పిరికితనం అనుకోలేదు, రాజకీయమే అన్నారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. మెడికల్ బోర్డు తీసుకునేది సరిగ్గా ఆ దాచుకునే హక్కునే.

ఇదంతా పొరుగుదేశం గొడవ అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ హిజ్రాల మధ్య పనిచేసిన గాయత్రీ రెడ్డి, హిందువులుగా పుట్టినవాళ్లు కూడా తమను ముసల్మానులమనే చెప్పుకుంటారని, వాళ్లకు ఇజ్జత్, అంటే పరువు, అన్నిటికన్నా ముఖ్యమని రాశారు. అదే హైదరాబాద్‌లో నిజాం సర్కారు 1329 ఫసలీలో, అంటే 1919లో, బ్రిటిష్ నమూనా చూసి ఇలాంటి రిజిస్టరే తెరిచింది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం ‘తెలంగాణ యూనక్స్ యాక్ట్’ పేరుతో మిగిలింది. 2023 జులైలో, షరియత్ కోర్టు తీర్పు వచ్చిన రెండు నెలలకు, తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

మంచిదే. కానీ ఆ తీర్పు వచ్చిన రోజున కూడా 2019 కేంద్ర చట్టం అమల్లోనే ఉంది. అప్పట్లో దాని ప్రకారం ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ మీద కలెక్టర్ సంతకం పడాల్సిందే. ఆపరేషన్ చేయించుకుని ఆడ అనో మగ అనో మార్పించుకోవాలంటే ఆస్పత్రి సూపరింటెండెంట్ ఇచ్చే కాగితం అదనం.