పేటెంట్ లేకపోయినా రాలేదు కదా
అమెరికా కంటి డాక్టరు ప్యాట్రీషియా బాత్ 1988లో లేజర్‌తో కంటి శుక్లం తీసే పరికరానికి పేటెంట్ పొందిన సంగతి చెబుతూ, ఇలాంటి పేటెంట్ల వల్లే పేదలకి కంటి వైద్యం అందట్లేదని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. అసలు చిక్కు తయారీ దగ్గర, ధర దగ్గర ఉంది. 1980ల్లో మా అమ్మమ్మకి శుక్లం తీసి, దాని బదులు లోపల కృత్రిమ లెన్స్ పెట్టకుండా సోడాబుడ్డి కళ్లద్దాలిచ్చారు. వాటిలోంచి అన్నీ పెద్దగా, దగ్గరగా కనిపించేవి. గ్లాసు అందుకోబోతే చెయ్యి ముందే ఆగిపోయేది. అరుగు దిగాలంటే పక్కన మనిషి ఉండాల్సిందే. హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు లండన్‌లో 1949లోనే కంట్లో లెన్స్ పెట్టారు, పైగా దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. అయినా ముప్పై ఏళ్ల తర్వాత కూడా కోనసీమలో మా అమ్మమ్మకి అది దక్కలేదు! 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ల లెన్సుల తయారీ సంస్థ ఆరోలాబ్ మొదలై, లెన్సులు ఇక్కడే చవగ్గా చేశాకే ధర దిగింది. పోయినేడు అమలాపురంలో మా అమ్మకి ఫేకో పద్ధతిలో, అంటే అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే పద్ధతిలో, ఆపరేషన్ చేసి లెన్స్ పెట్టారు. మూడు మిల్లీమీటర్ల కోత, కుట్లు లేవు. మర్నాడు పట్టీ తీయగానే కాలువ అవతలి గట్టు మీద కొబ్బరిచెట్టుకి ఎన్ని గెలలున్నాయో లెక్కపెట్టి చెప్పింది.