పొడవాటి ఆర్మ్ ఒక్కటే చాలదు

రికార్డు ప్లేయర్‌లో సూదిని మోసే చేయి, అదే టోన్‌ఆర్మ్, 12 అంగుళాలదైతే 9 అంగుళాలదాని కంటే ఎప్పుడూ మేలేనని మీరు రాశారు. సగమే ఒప్పుకుంటాను. రికార్డు మీద గాడి కోసేటప్పుడు కట్టర్ అంచు నుంచి మధ్యకు తిన్నగా జరుగుతుంది. మన ఆర్మ్ మాత్రం ఒక మూల నిలబడి విల్లులా వంపు తిరుగుతూ వస్తుంది. అందుకే కార్ట్రిడ్జ్ (ఆర్మ్ చివర సూది ఉండే భాగం) గాడికి సరిగ్గా సూటిగా ఉండేది రెండే చోట్ల. కార్ట్రిడ్జ్‌ని ఏ కోణంలో పెట్టాలో చెప్పే బేర్‌వాల్డ్ లెక్కన బిగిస్తే మధ్య నుంచి సుమారు 66, 121 మిల్లీమీటర్ల దగ్గర. ఆర్మ్ పొడవైతే మిగతా చోట్ల తేడా తగ్గుతుంది, నిజమే.

కానీ పొడవుతో పాటు కదిలే బరువూ పెరుగుతుంది కదా! పొడవాటి ఆర్మ్ కొన్న కొత్తలో దానికి నా పాత మెత్తటి కార్ట్రిడ్జే తగిలించాను. కాస్త వంగిన రికార్డు పెట్టగానే వూఫర్ (స్పీకర్లో కింది స్వరాల భాగం) కోన్ చప్పుడు లేకుండా ముందుకీ వెనక్కీ ఊగడం మొదలైంది, ఆయాసపడుతున్నట్టు. ఆంప్లిఫయర్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే సూది ఎంత మెత్తగా కదులుతుందో చెప్పే కంప్లయన్స్ 30, ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిపి కదిలే బరువు 25 గ్రాములు. అవి తమంతట తాము ఊగే వేగం, అంటే రెజొనెన్స్, 6 హెర్ట్జ్ కూడా లేదు! మామూలుగా 8 నుంచి 12 మధ్య ఉండాలి. అంతకంటే దిగితే రికార్డు వంకర్లన్నీ ఆర్మ్‌ని కుదిపేస్తాయి. కంప్లయన్స్ 12 ఉన్న కార్ట్రిడ్జ్ పెట్టాక రెజొనెన్స్ 9 దాటింది, కోన్ కుదురుకుంది.

మీరు విన్న ఆర్మ్‌కి ఏ కార్ట్రిడ్జ్ వేశారో మాత్రం రాయలేదు. చెబుతారా?